శిక్ష పూర్తి చేసుకొని వచ్చినవారు ఏ పని ముందు చేసుకోవాలి

శిక్ష అనుభవించి వచ్చిన వ్యక్తి పాత రికార్డును కొన్నేళ్ల తర్వాత చెరిపివేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు. కాబట్టి హనుమకొండ అదాలత్ దగ్గర ఎవరైనా మిమ్మల్ని పక్కకు పిలిచి, ఇంత డబ్బిస్తే కేసు ఆనవాలు కూడా లేకుండా చేయిస్తానని చెబితే, ఆ మాటను అక్కడే వదిలేసి రండి. అయితే శిక్ష ముగిసిన మనిషిని చట్టం నిజంగా చేయవద్దనే పనులు చాలామంది అనుకునేదానికంటే తక్కువే, వాటిలో ఎక్కువ వాటికి గడువు కూడా ఉంది. మిగిలిన ఆటంకాలు చేతిలో కాగితాలు లేకపోవడం వల్లనో, ఎదుటివారి జంకు వల్లనో, 'నాకెవరు పనిస్తారులే' అని తనంతట తానే వెనక్కి తగ్గడం వల్లనో వచ్చేవి. ఏది చట్టం పెట్టిన అడ్డంకో, ఏది కాదో విడదీసుకుంటూ, వరుసగా ఏయే పనులు చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను. ఇది విడుదలైనవారి కోసం ఎంతగా రాసిందో, వారి కోసం ఎదురుచూసే ఇంటివారి కోసం కూడా అంతగా రాసింది, ఎందుకంటే సగం పనులు విడుదలకు ముందే ఇంటివారు మొదలుపెట్టవలసినవి.

జైలు గేటు దాటక ముందే

2021 జూన్ దాకా వరంగల్ నగరంలోనే సెంట్రల్ జైలు ఉండేది. ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టడానికి ఖైదీలను ఇతర జైళ్లకు తరలించిన తర్వాత, మన ప్రాంతపు వారు చర్లపల్లి నుంచో, ఖమ్మం నుంచో విడుదలై వస్తున్నారు. ఒక్క కాగితం మరిచిపోతే మళ్లీ వెళ్లి రావడానికి ఒక రోజు కూలీ, బస్సు కిరాయి రెండూ పోతాయి. అందుకని విడుదల పత్రం చేతికి ఇవ్వగానే అక్కడే నిలబడి చదవండి, చదవడం రాకపోతే ఎవరితోనైనా చదివించుకోండి. మీ పేరు, తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, కేసు నంబరు, సెక్షన్లు, శిక్షా కాలం, విడుదల తేదీ సరిగా ఉన్నాయా అని చూసుకోండి. రిమాండులో గడిపిన రోజులను శిక్షలోంచి మినహాయించాలని చట్టం చెబుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 428వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 468వ సెక్షన్. ఈ లెక్కను విడుదలకు ముందే ఇంటివారు వకీలుతో సరిచూయించడం మంచిది.

లోపల చేసిన పనికి వచ్చిన వేతనం లెక్క, నేర్చుకున్న పనికి సంబంధించిన ధ్రువపత్రం, వైద్య రికార్డు కూడా అడిగి తీసుకోండి. క్షయకు మందులు వాడుతున్నవారు ఎన్ని నెలల కోర్సు పూర్తయిందో రాయించుకోకపోతే బయట చికిత్స మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ కాగితంతో ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళితే మిగతా మందులు ఉచితంగా ఇస్తారు. జరిమానా కట్టి ఉంటే రసీదు, కట్టలేక దాని బదులు శిక్ష అనుభవించి ఉంటే ఆ వివరం విడుదల పత్రంలో ఉండేలా చూసుకోండి. తీర్పు ప్రతిని శిక్ష పడినవారికి కోర్టు ఉచితంగా ఇవ్వాలి. అది ఎప్పుడో పోయి ఉంటే కోర్టులోని కాపీయింగ్ విభాగంలో దరఖాస్తు పెట్టుకుంటే మళ్లీ దొరుకుతుంది.

ప్రభుత్వం శిక్ష తగ్గించి ముందుగా విడుదల చేసినవారి సంగతి వేరు. 2024 జులైలో సత్ప్రవర్తన ప్రాతిపదికన రాష్ట్రంలో 213 మందిని విడుదల చేసినట్టే, అప్పుడప్పుడు ఇలాంటి ఉత్తర్వులు వస్తుంటాయి. ఇలా వచ్చినవారు ఆ జీవో ప్రతిని, తాము సంతకం చేసిన పూచీకత్తు ప్రతిని తప్పకుండా దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే అందులోని షరతు తప్పితే మిగిలిన శిక్షకు మళ్లీ లోపలికి వెళ్లవలసి రావచ్చు. షరతు ఏమిటో తెలియకుండా తప్పినవారికీ మినహాయింపు ఉండదు.

ఈ కాగితాలన్నీ జిరాక్సు తీయించి, అసలు ప్రతులను ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో ఒక్కరి చేతికి ఇవ్వండి. ఏ ఆఫీసులోనూ, ఏ ఏజెంటుకూ అసలు ప్రతి ఇవ్వకండి.

ఇంకో కేసు మిగిలి ఉందేమో చూసుకోండి

ఒక కేసులో శిక్ష పూర్తయింది కదా అని నిశ్చింతగా ఉన్నవారిని, ఎప్పటిదో మరో కేసులో వాయిదాకు రాలేదన్న కారణంగా జారీ అయిన నాన్‌బెయిలబుల్ వారంటుతో పట్టుకుపోయిన సందర్భాలు ఉంటాయి. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో మీ పేరుతోనో, ఎఫ్ఐఆర్ నంబరుతోనో వెతికితే కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది. ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరును రాసి పెట్టుకుంటే ఇక వెతుకులాట ఉండదు. వారంటు ఉన్నట్టు తేలితే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా, వకీలును వెంటబెట్టుకొని మీ అంతట మీరే కోర్టుకు వెళ్లి వారంటు రద్దుకు పిటిషన్ వేయించండి. తానుగా వచ్చిన మనిషిని కోర్టు చూసే తీరు వేరుగా ఉంటుంది.

వకీలుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ పని చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఫోను, ఆధార్, బ్యాంకు: ఈ వరుసలోనే

చాలామంది ముందు బ్యాంకుకు పోయి తిరిగి వస్తారు. వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ సిమ్ 90 రోజుల తర్వాత రద్దు కావచ్చు, ఆ నంబరు కొంతకాలానికి వేరొకరికి వెళ్లిపోతుంది. అంటే మీ ఆధార్ ఓటీపీ, మీ బ్యాంకు మెసేజీలు ఇప్పుడు ముక్కూ ముఖమూ తెలియని మనిషికి పోతూ ఉండవచ్చు. కాబట్టి మొదట మీ పేరు మీదనే కొత్త సిమ్ తీసుకోండి, తర్వాత ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ నంబరును అనుసంధానం చేయించుకోండి, ఆ తర్వాతనే బ్యాంకుకు వెళ్లండి. ఏళ్ల తరబడి మగ్గం మీదనో, తోటలోనో పనిచేసి వేళ్ల గీతలు అరిగిపోయినవారికి వేలిముద్ర పడదు. అలాంటప్పుడు ఆ కేంద్రంలోనే బయోమెట్రిక్ కొత్తగా నమోదు చేయమని అడగాలి. ఆధార్ ఇబ్బందులకు 1947 నంబరు ఉంది.

బ్యాంకు ఖాతాలో రెండేళ్లకు పైగా లావాదేవీ లేకపోతే దాన్ని నిలిపివేస్తారు. డబ్బు ఎక్కడికీ పోదు, కేవైసీ పత్రాలు కొత్తగా ఇచ్చి మళ్లీ తెరిపించుకోవచ్చు. పదేళ్లు దాటి ఆ సొమ్మును రిజర్వు బ్యాంకు నిధికి పంపి ఉన్నా, మీ బ్యాంకు ద్వారానే తిరిగి అడిగి తీసుకోవచ్చు.

చిరునామా విషయంలో మన దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా ముక్కలై మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి వంటి కొత్త జిల్లాలు వచ్చాయి, 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. ఆ మార్పులకు ముందు లోపలికి వెళ్లినవారి కాగితాల్లో ఊరు అదే, మండలం వేరు కావచ్చు, జిల్లా మాత్రం చాలామందికి వేరే. మీసేవలో కొత్తగా నివాస, ఆదాయ, కుల ధ్రువపత్రాలు తీసుకుంటే ఈ తేడా ఒక్కసారికి సర్దుకుంటుంది. రేషన్ కార్డులో మీ పేరు తీసివేసి ఉంటే అదే మీసేవలో చేర్పించడానికి దరఖాస్తు చేయండి. శిక్ష పడిందన్న ఒక్క కారణంతో బియ్యం ఆపే నియమం లేదు.

భూమి ఉన్నవారికి

ఈ విషయాన్ని చాలామంది ఆలస్యంగా పట్టించుకుంటారు. 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో ఊరూరా తిరిగి పట్టాలు సరిచూసి, 2018లో కొత్త పాసు పుస్తకాలు ఇచ్చారు. ఆ సమయంలో ఊళ్లో లేని మనిషి భూమి, ఆధార్ ఇవ్వలేదన్న కారణంగా పెండింగులోనైనా పడి ఉంటుంది, అన్నదమ్ముల్లో ఒకరి ఖాతాలోకైనా ఎక్కి ఉంటుంది. తమ్ముడు మోసం చేశాడని గొడ్డలి పట్టుకునే ముందు, అది కావాలని చేసిందో, అధికారులు వచ్చిన రోజు మీరు లేక జరిగిందో తెలుసుకోండి. తహసీల్దారు కార్యాలయంలో పాత పహాణీ (ఏ భూమి ఎవరి పేరున ఉందో ఏటా రాసే రికార్డు) నకళ్లు తీసుకొని, ఏ సంవత్సరం దాకా మీ పేరు ఉందో, ఏ సంవత్సరం నుంచి మారిందో గుర్తించాలి. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి చట్టం అమలులోకి వచ్చింది, దాని కింద రికార్డు సవరణకు దరఖాస్తు చేసుకోవచ్చు, కాదంటే పై అధికారులకు అప్పీలు పెట్టుకోవచ్చు. పాలోళ్లతో మాట్లాడి రాజీపత్రం రాసుకోగలిగితే పని సగం రోజుల్లో అవుతుంది, అయితే ఆ మాటలకు ఒంటరిగా పోకుండా ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టుకోండి.

పోలీస్ స్టేషన్‌తో వ్యవహారం

వచ్చిన మొదటి వారంలోనే మీ ఠాణాకు ఒకసారి వెళ్లి, విడుదల పత్రం జిరాక్సు ఇచ్చి, ఉండే ఇల్లు, ఫోను నంబరు చెప్పి రావడం చట్టం అందరికీ విధించిన బాధ్యత కాకపోయినా, నా ఉద్దేశంలో మంచి పద్ధతి. పండుగలప్పుడు, ఎన్నికలప్పుడు పాత కేసుల వారిని పిలిపించే అలవాటు ఉంది కనుక, మీరు ఎక్కడ పని చేస్తున్నారో వారికి ముందే తెలిసి ఉంటే పని మధ్యలో వదిలి పరుగెత్తే అవసరం తగ్గుతుంది.

మీ పేరున రౌడీషీట్ గానీ, అనుమానితుల షీట్ గానీ ఉంటే, అది జీవితాంతం దానంతట అదే నడిచేది కాదని తెలుసుకోండి. పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు 601, 602 ప్రకారం షీటును డిసెంబరు ఆఖరు దాటి కొనసాగించాలంటే గెజిటెడ్ హోదా గల అధికారి ఉత్తర్వు కావాలి. విడుదలయ్యాక కొత్త కేసు లేకుండా కొంతకాలం గడిచిన తర్వాత, చేస్తున్న పనికి రుజువు, పని ఇచ్చినవారి లేఖ జతచేసి షీటు మూసివేయమని రాతపూర్వకంగా కోరండి. హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాల వారు వరంగల్ పోలీస్ కమిషనర్‌కు, ఇతర జిల్లాల వారు ఎస్పీకి రాయాలి. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేసే వీలుంది, దానికీ న్యాయ సేవాధికార సంస్థ సాయం దొరుకుతుంది. నిఘా పేరుతో అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. అలా జరిగితే అక్కడికక్కడ వాదనకు దిగకుండా, తేదీ, సమయం, వచ్చినవారి వివరం రాసి పెట్టుకొని పై అధికారికి ఫిర్యాదు చేయండి.

చట్టం నిజంగా వద్దనేవి ఏవి

ఓటు వేయకూడదన్న నిషేధం జైల్లో ఉన్నంతవరకే. బయటికి రాగానే ఆ హక్కు మీదే. జాబితాలో పేరు తొలగించి ఉంటే ఫారం 6, చిరునామా మారి ఉంటే ఫారం 8 నింపాలి. ఎమ్మెల్యేగానో, ఎంపీగానో పోటీ చేయడానికి మాత్రం, రెండేళ్లు అంతకు మించి శిక్ష పడినవారికి విడుదలైన నాటి నుంచి ఆరేళ్ల అనర్హత ఉంది. కొన్ని ప్రత్యేక నేరాల్లో శిక్ష తక్కువైనా ఇది వర్తిస్తుంది.

మన వైపు చాలా ఇళ్లలో గల్ఫ్ ప్రయాణం ఒక ఆశ కనుక పాస్‌పోర్టు గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. నైతికంగా హేయమైనదిగా పరిగణించే నేరంలో రెండేళ్లకు తక్కువ కాని శిక్ష పడినవారికి, శిక్ష పడిన తేదీ నుంచి అయిదేళ్లలోపు పెట్టే దరఖాస్తును తిరస్కరించవచ్చని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం చెబుతుంది. ఈ అయిదేళ్లను విడుదల తేదీ నుంచి లెక్కపెట్టుకొని అనవసరంగా ఆగినవారు ఉన్నారు. దీర్ఘకాలం శిక్ష అనుభవించినవారికి ఆ గడువు జైల్లో ఉండగానే గడిచిపోయి ఉంటుంది. కోర్టులో మరో కేసు నడుస్తుంటే మాత్రం అది వేరే అడ్డంకి, దానికి ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. పాస్‌పోర్టు వచ్చినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు: ఉద్యోగం ఇచ్చే దేశం పోలీస్ క్లియరెన్స్ అడిగితే పాత శిక్ష అందులో కనబడుతుంది. అలాంటప్పుడు 'ఆ సర్టిఫికెట్ నేను చూసుకుంటా' అనే ఏజెంటు మీ చేతికిచ్చేది నకిలీ పత్రమే, దానితో విమానాశ్రయంలో కొత్త కేసు మొదలవుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన తప్పుకు లెక్క పూర్తిగా వేరు. 2015 నాటి బాల నేరస్తుల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఆ వయసు వారికి ఏ అనర్హతా అంటకూడదని, అప్పీలు గడువు ముగిశాక రికార్డులు తొలగించాలని చెబుతుంది. పదహారు దాటి ఘోర నేరంలో పెద్దవారిలాగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం ఈ రక్షణ వర్తించదు. అలాగే జైలుకు పంపకుండా 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3వ లేదా 4వ సెక్షన్ కింద కోర్టు విడిచిపెట్టినవారికి, శిక్ష పడినందువల్ల కలిగే అనర్హతలు వర్తించవని అదే చట్టంలోని 12వ సెక్షన్ అంటుంది. మీ తీర్పులో ఆ మాట ఉందేమో చదివించుకోండి.

పని వెతుక్కోవడం

ఇక అసలు విషయం. నిజం చెప్పాలా, దాచాలా అన్న ప్రశ్నకు నేనిచ్చే జవాబు ఇది: రాతలో అడిగితే నిజమే రాయండి, ఇంటి తాళమో, గల్లాపెట్టో మీ చేతిలో పెట్టే మనిషికి అడగకపోయినా చెప్పండి, అడ్డా మీద రోజు కూలీకి పిలిచిన మేస్త్రీకి చెప్పవలసిన అవసరం లేదు. ప్రభుత్వ ఉద్యోగపు వెరిఫికేషన్ ఫారంలో కేసు ఉందా, శిక్ష పడిందా అన్న గడి ఉంటుంది. అక్కడ 'లేదు' అని రాసి తర్వాత బయటపడితే, పాత నేరం చిన్నదైనా దాచిపెట్టారన్న కారణమే ఉద్యోగం తీసేయడానికి సరిపోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది: సమాచారం నిజంగా ఇవ్వాలి, ఇచ్చిన తర్వాత నేరం స్వభావం, ఉద్యోగం స్వభావం చూసి యజమాని నిర్ణయించాలి. నిజం రాస్తే ఉద్యోగం వచ్చి తీరుతుందని ఆ తీర్పు హామీ ఇవ్వలేదు; అయినా చిన్న కేసు వారు ఆ ఫారం ముందు చేతులెత్తేయనక్కర లేదు. ఫుడ్ డెలివరీ, క్యాబ్ కంపెనీలు కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి కాబట్టి అక్కడా ఇదే పద్ధతి.

ఎలా చెప్పాలన్నది ఇంట్లో రెండుసార్లు పలికి చూసుకోండి. సాకులు చెప్పకుండా, ఎదుటివారు మరో ప్రశ్న వేయడానికి జంకకుండా, నాలుగు వాక్యాల్లో ముగించాలి: "సేటూ, ఆరేండ్ల కింద కొట్లాట కేసుల నాకు శిక్ష పడ్డది. పూర్తి చేసుకొని వచ్చిన, కాగితాలు నా దగ్గరున్నయి. లోపల వెల్డింగ్ నేర్చుకున్న. నెలరోజులు చూడుండ్రి, పని నచ్చకపోతే పొమ్మనుండ్రి." ఎవరు కొట్టారు, తప్పెవరిది, వకీలు ఏం చేశాడు అన్న కథ మొదలుపెడితే వినేవారికి అనుమానమే పెరుగుతుంది. మీ వెంట రాలేకపోయినా ఫోనులో ఒక మాట చెప్పగల మనిషిని, ఊరి సర్పంచో, చదువు చెప్పిన సారో, ముందే అడిగి పెట్టుకోండి. నా అనుభవంలో చిన్న వ్యాపారులు పత్రం కంటే ఈ ఫోను మాటకే ఎక్కువ విలువ ఇస్తారు.

ఎక్కడ వెతకాలన్నది మీ చేతిలోని పనిని బట్టి ఉంటుంది. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవారిని కూడా పనికి తీసుకుంటారు, దాని గురించి విడుదలకు ముందే జైలు సూపరింటెండెంట్‌ను అడగాలి. లోపల మగ్గం నేర్చుకున్నవారు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే సహకార సంఘాలను కలవవచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అయితే ఆ కూలీ మీద ఒక్కటే ఆధారపడి ఇల్లు నడపడం కష్టమని ముందే అనుకోవాలి. ఏనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి సీజన్లలో చేతినిండా పని ఉంటుంది, హమాలీ జట్టులో చేరాలంటే మాత్రం సంఘం పెద్దను కలిసి మాట్లాడుకోవాలి. భవన నిర్మాణ పనికి వెళ్లేవారు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపగలిగితే కార్మిక శాఖలో లేబర్ కార్డు తీసుకోవచ్చు, ప్రమాద సాయం, కూతుళ్ల పెళ్లి, కాన్పు సాయం దాని మీదనే వస్తాయి. ఊళ్లో ఉంటే పంచాయతీలో ఉపాధి పని జాబ్ కార్డులో పేరు చేర్పించుకోండి.

డ్రైవర్లు లైసెన్సు గడువు చూసుకోవాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష తప్పదు. ఆగిపోయిన చదువు ఉంటే, జైల్లో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరినవారు తమ అధ్యయన కేంద్రాన్ని ఇంటికి దగ్గరగా మార్చమని దరఖాస్తు పెట్టాలి.

మొదటి జీతాలతో పాత అప్పులన్నీ తీర్చాలని చూడకండి. మీరు లేనప్పుడు ఇంటివారు వకీలు ఫీజుకు, వాయిదాల ఖర్చుకు ఎవరెవరి దగ్గర ఎంతెంత తెచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసి, ఎక్కువ వడ్డీది ముందు పెట్టి, మిగతావారికి గడువు చెప్పండి. గడువు అడిగిన మనిషి కంటే ముఖం చాటేసిన మనిషి మీదనే అప్పిచ్చినవారికి కోపం ఎక్కువ వస్తుంది.

ఊరు, ఎదుటి పక్షం

ఫిర్యాదు చేసినవారు అదే ఊళ్లో ఉంటే, మొదటి నెలల్లో వారి వాడ వైపు వెళ్లకపోవడం, పెళ్లిళ్లలో, బతుకమ్మ, బోనాల వేడుకల్లో ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం ఇద్దరికీ క్షేమం. క్షమాపణ చెప్పాలని మీ మనసులో ఉన్నా నేరుగా గడప తొక్కకండి. వారికి అది బెదిరింపులా కనబడవచ్చు, ఒక ఫోను కాల్‌తో మీ మీద కొత్త ఫిర్యాదు కావచ్చు. వారు నమ్మే పెద్దమనిషి ద్వారా అడిగించి, వద్దంటే ఆ మాటను గౌరవించి ఊరుకోవాలి. కొట్లాట పక్షాలు రెండూ బలమైనవైతే, ఏడాది రెండేళ్లు హనుమకొండలోనో, కరీంనగర్‌లోనో గది తీసుకొని పని చేసుకోవడం పిరికితనం కాదు. విడుదల షరతుల్లో ఊరు విడవకూడదని ఉంటే మాత్రం ముందుగా అనుమతి తీసుకోండి.

సాయంత్రం బెల్టు షాపు దగ్గర కూర్చునే పాత జట్టు గురించి మీకు వేరే చెప్పనక్కర లేదు. తాగుడు మానలేకపోతున్నవారికి 14446, నిద్ర పట్టక, ఉలికిపాటుతో బాధపడేవారికి మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీమానస్ 14416 ఉచితంగా పనిచేస్తాయి, టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కొన్ని చోట్ల కుటుంబాన్ని వెలివేసి, కిరాణా, మంగలి, చాకలి పనులు బందు పెట్టించే తీర్మానాలు జరుగుతుంటాయి. ఏ కమిటీకీ ఆ అధికారం లేదు. తీర్మానం కాగితం మీద ఉంటే ఫొటో, నోటి మాటైతే చాటింపు వేసిన తేదీ, మాట్లాడినవారి పేర్లు, సరుకు ఇవ్వనన్న దుకాణం వివరం రాసుకొని, ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. వారు తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకో, కమిషనర్‌కో పంపి, దాని నకలుతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శిని కలవండి.